మానిటరు మింగిన మాత్రలు

మంగళవారం ఉదయం ఆరున్నరకు మాస్టారి అక్కయ్య తన ఇంటి మెట్ల మీద పడింది. కుడి మణికట్టు విరిగింది.

పడింది రెండో అంతస్తుకూ మొదటి అంతస్తుకూ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట. చేతిలో చెత్త సంచి ఉంది. దిగుతుంటే ఎడమ మోకాలు పట్టు వదిలేసిందని, పడబోతూ కుడిచెయ్యి కింద ఆన్చానని ఆమె తరవాత డాక్టరుకు చెప్పింది. కింది వాటా ఆయన చప్పుడు విని తలుపు తీసేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన అంబులెన్సుకు ఫోను చెయ్యబోతే ఆపింది.

"ముందు మా తమ్ముడికి చెయ్యండి. అంబులెన్సు కంటే వాడే తొందరగా వస్తాడు. వాడివిప్పుడు కొత్త మోకాళ్ళు."

ఆ తమ్ముడు పక్కవీధిలో ఉండే డ్రిల్లు మాస్టారు. బడి నుంచి రిటైరై చాలాకాలమైనా వీధిలో అందరికీ ఆయన మాస్టారే. ఫోను మోగినప్పుడు పెరటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా కుక్క కూర్చుని ఉంది. ఆయన చేతిలో మాత్రల సీసా, మూత తీసి ఉంది. విషయం విని ఫోను పెట్టేశాక, సీసాలోంచి ఒక మాత్ర తీసి అలవాటు ప్రకారం కుక్క నోట్లో వేశారు. వేశాక తన చేతికేసి చూసుకున్నారు. తరవాత గుమ్మం పట్టుకుని లేచారు.

పక్కవీధికి చేరడానికి ఆయనకు అక్కయ్య అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది.

ఆ మాత్రలు తయారుచేసింది ఆయన కోడలు. గుడ్డు ఉడికించి ఒలిచినప్పుడు పెంకుకు అంటుకుని వచ్చే పలచటి పొర అందరూ చూసే ఉంటారు. కోడలు అంతకుముందు బేకరీలో పనిచేసేది. అక్కడ బుట్టలకొద్దీ పెంకులు చెత్తలోకి పోతుంటే చూసేది. ఆ పొర కీళ్ళకు మంచిదని ఎక్కడో చదివింది. చదివి ఊరుకోలేదు. తెలిసినవాళ్ళను అడిగింది, ఒక శిక్షణకు వెళ్ళి వచ్చింది, లైసెన్సు తెచ్చుకుంది. పెరట్లో పాత సామాన్ల గది ఖాళీ చేయించి, పెంకులు కడిగి, వెనిగరు కలిపిన నీళ్ళలో నానబెట్టి, పొర వేలితో ఒలిచి, ఆరబెట్టి, పొడి చేసి, మాత్రల గొట్టాల్లో నింపడం మొదలుపెట్టింది. సీసా మీద అంటించే కాగితం మీద "ఇది మందు కాదు, అందరికీ ఒకేలా పనిచెయ్యకపోవచ్చు" అని పెద్ద అక్షరాల్లో వెయ్యమంది. అచ్చువేసే ఆయన, "మీరే కాదంటే ఇంకెవరు కొంటారమ్మా" అన్నాడు. ఆమె వినలేదు.

మొదటి సీసా మావగారికిచ్చింది.

"మావయ్యా, మీకు మోకాళ్ళ నొప్పులున్నాయి కదా. మూడు నెలలు వాడండి. తగ్గితే తగ్గిందనండి, తగ్గకపోతే తగ్గలేదనండి. నా మొహం చూసి చెప్పొద్దు, మోకాలు చూసి చెప్పండి."

"స్టాప్‌వాచీకి మొహమాటం ఉండదమ్మా," అన్నారు మాస్టారు.

సర్వీసులో ఆయన ఎవరికీ అర సెకను వదిలిన మనిషి కాదు. పరుగుపందెంలో పిల్లలు గ్రౌండు చుట్టూ తిరగాల్సి వస్తే, ప్రహరీ పక్క మూల దగ్గరికొచ్చేసరికి అడ్డంగా కోసుకుని పోయేవారు. అందుకని ఆయన విజిలు వేసేచోట నిలబడకుండా ఆ మూలకు వెళ్ళి నిలబడేవారు. దొరికినవాణ్ణి కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. క్లాసంతా చూస్తుండగా మళ్ళీ మొదటినుంచి ఒంటరిగా పరుగెత్తించేవారు.

మాత్రలు ఒక వారం వేసుకున్నారు. కడుపులో మంట, రోజంతా గుడ్డు వాసన త్రేన్పులు. చెబితే కోడలు చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నారు. ఒకరోజు చేతిలోంచి మాత్ర జారింది. ఆయన వంగి తీసేలోపు మానిటరు మింగేసింది.

మానిటరు ఆ ఇంటి కుక్క. ఎవరు ఎక్కడికి లేచినా క్లాసు మానిటరులా తల తిప్పి చూస్తుంది కాబట్టి మాస్టారే ఆ పేరు పెట్టారు. వయసు మీదపడి దాని వెనక కాళ్ళు తుంటి దగ్గర అరిగాయి. వరండా గట్టు ఎక్కలేక కింద నిలబడి మనుషుల వంక చూసేది. మర్నాడు మాస్టారు సీసా మూత తీసేసరికి వచ్చి ఎదురుగా కూర్చుంది. "నాకంటే నీకే అవసరంరా" అని ఒకటి వేశారు. ఆ రోజునుంచి మాత్రలన్నీ దానికే.

మొదట్లో ఆయన దాన్ని మోసం అనుకోలేదు. సీసా ఖాళీ అవుతోంది, కోడలు సంతోషిస్తోంది, కుక్క తోక ఆడిస్తోంది. ఎవరికీ నష్టం లేదు. కొన్నాళ్ళకు మానిటరు ఒక ఉదయం గట్టెక్కి ఆయన కుర్చీ పక్కన పడుకుంది. ఈ సంగతి ఆయన పశువుల డాక్టరుకు ఒక్కడికే చెప్పారు. ఆ డాక్టరు కుక్కను తూకం వేసి, నడిపించి చూశాడు.

"బరువు తగ్గింది మాస్టారూ. అందువల్లో, ఆ మాత్రవల్లో, రెండూ కలిసో నేను చెప్పలేను. మాత్ర ఆపి చూస్తే తెలుస్తుంది. ఆపుతారా?"

మాస్టారు ఆపలేదు.

మూడు నెలలు నిండిన రోజున కోడలు వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. సీసాలు అమ్ముడుపోవడం లేదు. బేకరీవాళ్ళు రాత్రి డ్యూటీకి మళ్ళీ రమ్మంటున్నారు. ఆ మాట చెప్పి, "సరే, మీ సంగతి చెప్పండి మావయ్యా. మోకాళ్ళెలా ఉన్నాయి?" అంది.

"బాగా తగ్గిందమ్మా," అన్నారు మాస్టారు.

నోట్లోంచి మాట వచ్చాక ఆమె మొహం చూశారు. ఇక వెనక్కి తీసుకోలేకపోయారు.

వీడియో తీద్దామన్నది ఆమే. ఆయన డాబా మెట్లెక్కితే చాలంది. మర్నాడు మాస్టారు మందుల షాపుకు వెళ్ళి నొప్పిమాత్రలు తెచ్చుకుని రెండు వేసుకున్నారు. అవి పట్టేదాకా ఆగి, తెల్ల బనీను తొడుక్కుని, పక్కన రెయిలింగు ముట్టుకోకుండా డాబా దాకా ఎక్కి, పైన నిలబడి విజిలు వేశారు. కోడలు కింద నుంచి చప్పట్లు కొట్టింది. వీడియో ఫోనుల్లో తిరిగింది. పాత విద్యార్థులు "మా సారే, మా సారే" అని పంచుకున్నారు. బేకరీలో పెంకులు చాలక కోడలు ఇంకో బేకరీతో మాట్లాడుకుంది.

ఆ వారమే అక్కయ్య ఫోను చేసింది. ఆమెది దర్జీ పని, అందులోనూ కత్తిరింపులో చెయ్యి తిరిగిన మనిషి. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన మోకాళ్ళు. ఎడమ మోకాలు మార్చడానికి ఆస్పత్రిలో తేదీ ఇచ్చి ఉన్నారు.

"ఒరేయ్, వీడియో చూశాను. నిజంగానా?"

మాస్టారు హాల్లో ఉన్నారు. కోడలు ఎదురుగా కూర్చుని సీసాలకు కాగితాలు అంటిస్తోంది. తలెత్తి నవ్వుతూ చూసింది.

"నిజమే అక్కయ్యా," అన్నారు.

అక్కయ్య ఆపరేషను మానేసి మాత్రలు మొదలుపెట్టింది.

మంగళవారం ఆస్పత్రిలో ఎక్సరే తీసి, చేతికి సిమెంటు పట్టీ వేసే గదిలో కూర్చోబెట్టారు. ఎముకల డాక్టరమ్మ వచ్చి అక్కయ్య మొహం కేసి చూసింది.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

"పోయిన నెల మీ లిస్టులో ఉన్నాను. మోకాలికి. రానని నేనే చెప్పించాను."

"ఎందుకని?"

"మా తమ్ముడు మెట్లెక్కాడు."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అక్కయ్య ఎడమ చేత్తో సంచిలోంచి ఫోను తీసి, ఒంటిచేత్తో తెరవలేక మాస్టారి చేతికిచ్చింది. "నువ్వే చూపించరా."

మాస్టారు చూపించారు. డాక్టరమ్మ నిలబడి మొత్తం చూసింది. చివర్లో విజిలు మోగితే పక్కన పట్టీ తడుపుతున్న నర్సు ఇటు తిరిగింది.

"బాగా ఎక్కారే. ఎప్పుడైనా ఎక్సరే తీశారా?"

"తీశారు. రెండేళ్ళవుతుంది."

"అరిగాయన్నారా?"

"అన్నారు."

"మరి ఇప్పుడు నొప్పి లేదా?"

"తక్కువండి."

"ఆ బల్ల మీద ఒక్క నిమిషం పడుకోండి, చూస్తాను. ఇంత తేడా వస్తే నాక్కూడా తెలుసుకోవాలని ఉంది."

"ఇప్పుడెందుకండీ. ముందు అక్కయ్య సంగతి చూడండి."

"చూడనివ్వరా. నీ మోకాళ్ళు ఎవరూ ఎత్తుకుపోరు," అంది అక్కయ్య.

మాస్టారు కదల్లేదు. ఫోను తిరిగి సంచిలో పెట్టి, సంచి జిప్పు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశారు. డాక్టరమ్మ బలవంతపెట్టలేదు. అక్కయ్య వైపు తిరిగి, ఇలాంటివి కొందరికి కొంత ఉపశమనం ఇస్తే ఇవ్వచ్చని, ఆమె మోకాలు మాత్రం ఆ దశ దాటిపోయిందని, తనను అడక్కుండా మానాల్సింది కాదని చెప్పింది.

"మిమ్మల్ని అడిగితే కోస్తామంటారు. వాణ్ణి అడిగితే ఎక్కానన్నాడు. ఎవరి మాట వింటాను?"

"ఇప్పుడు మణికట్టు అతికేదాకా మోకాలు ముట్టుకోలేం. చేతికర్ర పట్టుకోవడానికైనా చెయ్యి కావాలి కదా."

"కత్తెర పట్టుకోవడానికి?"

"మూడు నెలలనుకోండి."

బళ్ళు తెరిచేలోపు కుట్టాల్సిన యూనిఫారాల గుడ్డ అప్పటికే అక్కయ్య ఇంటికి వచ్చి ఉంది. కత్తిరించే బల్ల మీద తాన్లు పేర్చి ఉన్నాయి. వాటిని వెనక్కి పంపించమని ఆమె పట్టీ ఆరకముందే తమ్ముడికి చెప్పింది. మాస్టారు సరేనన్నారు.

ఆమెను ఇంటికి తీసుకొచ్చారు. మాస్టారి గది ఆమెకిచ్చారు. మాస్టారి కొడుకు లిఫ్టుల మెకానిక్కు. సాయంత్రం వచ్చి మేనత్తను పలకరించి, "నీ ఇంటికొక లిఫ్టు పెట్టిస్తానత్తయ్యా" అన్నాడు. "ఊళ్ళో లిఫ్టులన్నీ నీ చేతిమీదే నడుస్తాయి, మీ అత్తయ్య మాత్రం చెత్త సంచితో దొర్లాలి," అందామె. అతను నవ్వి, ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర కోడలు సరిగ్గా తినలేదు.

"నా మాత్రలు పనిచెయ్యలేదు పెద్దమ్మా. మీరు నమ్మి ఆపరేషను మానుకున్నారు."

"అందరికీ పనిచెయ్యకపోవచ్చని నువ్వే రాశావు కదమ్మా సీసా మీద. నేనే చదవలేదు. నేను చూసింది వీడి మొహాన్ని."

"అదే నాకు అర్థం కానిది. మావయ్యా, మీకు అంత తగ్గింది, పెద్దమ్మకు బొత్తిగా లేదు. తేడా ఎక్కడుందో చూడాలి. మీరు ఎప్పుడు వేసుకునేవారు? తిన్నాకా, ముందా?"

"కాఫీ అయ్యాక."

"వాటితోపాటు ఇంకేమైనా చేశారా?"

"అలవాటైన కసరత్తులే."

"అవి నాకు వరసగా చెప్పండి రేపు. సీసాతోపాటు అవి కూడా చెయ్యమని రాద్దాం."

రాద్దామని ఆయన తల ఊపారు. అన్నం కంచంలోనే ఉండిపోయింది. బల్ల కింద మానిటరు ఆయన పాదం మీద గడ్డం ఆన్చి పడుకుంది. ఆయన పాదం లాక్కున్నారు.

బుధవారం ఉదయం కోడలు అక్కయ్యకు కాఫీ ఇచ్చి పెరట్లోకి వెళ్ళింది. మాస్టారు అక్క మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కిటికీ గట్టు మీద మాత్రల సీసా ఉంది. అది మాస్టారిది, రోజూ అక్కడే ఉంటుంది. అక్కయ్య దాన్ని అందుకుంది.

"ఉన్నవి పారెయ్యడం ఎందుకు. వేసుకుంటే పోయేదేముంది."

"ఇలా ఇవ్వు, నేను తీస్తాను," అన్నారు మాస్టారు. గొంతు కొంచెం పెద్దదైంది.

"నాకు ఇంకో చెయ్యి ఉందిలే."

సీసాను చంకలో ఇరికించుకుని ఎడమ చేత్తో మూత తిప్పింది. లోపల మాత్రలు గలగలమన్నాయి.

పెరటి తలుపు దగ్గర పడుకున్న మానిటరు లేచింది. హాలు దాటి గదిలోకి వచ్చి, మంచం ముందు కూర్చుని, ముందరి కాలు ఒకటి ఎత్తి, నోరు తెరిచింది. తెరిచి అలాగే ఉంది.

అక్కయ్య కుక్కను చూసింది. తరవాత తమ్ముణ్ణి చూసింది. మాస్టారు నేల చూస్తున్నారు.

అదే సమయానికి కోడలు నానబెట్టే గిన్నె కోసం లోపలికి వచ్చి గుమ్మంలో ఆగింది. "ఇదేంటి, మానిటరు ఇలా కూర్చుంది?"

మాస్టారు నోరు తెరిచారు.

"నిన్న నా చేతిలోంచి ఒకటి జారితే తినేసింది. రుచి మరిగినట్టుంది," అంది అక్కయ్య.

"అయ్యో. దానికేం కాదులెండి, కుక్కల కీళ్ళకు కూడా మంచిదేనంటారు. వాటికీ ఒక డబ్బా వేద్దామని ఉంది. ముందు ఎవరి కుక్కకైనా ఇచ్చి చూడాలి." కోడలు గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

అక్కయ్య సీసా మూత బిగించింది. మానిటరు లేచి రెండడుగులు వేసింది. ఆమె మళ్ళీ మూత తీసి సీసా ఆడించింది. మానిటరు వెనక్కి వచ్చి కూర్చుని, కాలెత్తి, నోరు తెరిచింది.

"బట్ట కోసేముందు రెండుసార్లు కొలుస్తాను," అంది అక్కయ్య. "ఎన్నాళ్ళుగా పెడుతున్నావు?"

"మొదటి వారం తప్ప అన్నాళ్ళూ."

"ఆ మెట్లు?"

"నొప్పిమాత్రలు వేసుకుని ఎక్కాను."

"ఎక్కాక?"

"రెండ్రోజులు మంచం దిగలేదు. జలుబని చెప్పాను."

అక్కయ్యకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలి మొహం చిట్లించింది. నొప్పి తగ్గాక ఆ నవ్వు మళ్ళీ రాలేదు.

"నేను ఫోను చేసి నిజంగానా అని అడిగాను. మీ కోడలితో అంటే అన్నావు. నాతోనూ అదేనా?"

"ఎదురుగా కూర్చుని ఉంది అక్కయ్యా."

"మర్నాడు?"

మాస్టారు కుర్చీ చెయ్యి గోటితో గీకారు.

"ఆ మర్నాడు? కోడలు రోజంతా నీ చొక్కా పట్టుకుని తిరగదు కదా."

"నువ్వు ఆపరేషను మానేస్తావనుకోలేదు."

"మానేశానని చెప్పింది నేనే. ఆ చెప్పినప్పుడు?"

మానిటరు ఎవరూ ఏమీ వెయ్యకపోయేసరికి నోరు మూసుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

"ఒకరోజు చెబుదామనే వచ్చాను," అన్నారు మాస్టారు. "మీ ఇంటిదాకా వచ్చాను. ఫోనులో చెప్పే మాట కాదనిపించింది. మొదటి అంతస్తు దాటి సగం దాకా ఎక్కాను. ఆ పైన మోకాలు మడత పడలేదు. కాసేపు మలుపు దగ్గర కూర్చున్నాను. కింది వాటా ఆయన చూస్తాడేమోనని దిగి వచ్చేశాను."

అక్కయ్య తన పట్టీ కేసి చూసుకుంది. "ఏ మలుపు?"

"అదే మలుపు."

కిటికీలోంచి పెరట్లో పెంకులు కడుగుతున్న చప్పుడు వస్తోంది. అక్కయ్య సీసా గట్టు మీద పెట్టేసింది.

"ఇందాక నన్నెందుకు కాచావు?" అన్నారు మాస్టారు.

"కాచానని ఎవరన్నారు? నేను చెబితే అది చాడీ. నీ అంతట నువ్వు చెబితే ఒక పద్ధతి. ఆ పిల్ల రాత్రంతా ఎక్కడ తప్పు చేశానా అని బుర్ర బద్దలుకొట్టుకుంది. ఆ గోడ అవతలే పడుకున్నాను, మొగుడితో అనడం విన్నాను. వెళ్ళు. లేవడానికి చెయ్యిద్దామంటే నాకున్నది ఒకటే."

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మానిటరు ఆయన వెంట బయల్దేరింది. "నువ్వు కూర్చో," అన్నారు. అది వినలేదు.

పెరటి గదిలో వెనిగరు వాసన. కోడలు స్టూలు మీద కూర్చుని, నానిన పెంకుల్లోంచి పొర ఒలుస్తోంది. బొటనవేలి గోరుతో అంచు పట్టి లాగితే పొర పెంకు ఆకారంలోనే ఊడి వస్తుంది. ఊడినవాటిని తెల్ల గుడ్డ మీద పరుస్తోంది. మావగారిని చూసి, కసరత్తులు చెప్పడానికి వచ్చారనుకుని చేతులు తుడుచుకోబోయింది.

"నేను ఆ మాత్రలు వేసుకోలేదమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె తుడుచుకోవడం ఆపింది.

"వారం వేసుకున్నాను. కడుపులో మండింది. తరవాత అన్నీ దీనికే వేశాను." కుక్కను చూపించారు. "నా మోకాళ్ళు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి."

"మరి వీడియో?"

"నొప్పిమాత్రలు."

"ఎన్ని?"

"రెండు."

కోడలు ఇంకో పెంకు తీసుకుంది. అంచు దొరకలేదు. పెంకు చేతిలో ముక్కలైంది. ముక్కలు బుట్టలో వేసి, మరొకటి తీసుకోలేదు.

"మొహం చూసి చెప్పొద్దన్నాను కదా మావయ్యా."

"అన్నావు."

"తగ్గలేదంటే నేనేం చేస్తాననుకున్నారు? ఏడుస్తాననుకున్నారా?"

"బేకరీకి పోతానన్నావు."

"పోయేదాన్ని. రాత్రి డ్యూటీ చేసుకునేదాన్ని. పెద్దమ్మ చేతిలో కత్తెర ఉండేది."

మాస్టారు తల దించుకునే ఉన్నారు. ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. అరిస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. ఆమె అరవలేదు. ఫోను తీసి, వీడియో కింద జనం రాసినవి చదవడం మొదలుపెట్టింది. పైకే చదివింది.

"మా సార్ అబద్ధం చెప్పరు, అందుకే అమ్మకు ఆర్డర్ పెట్టాను. ఇది ఒకరు. మాస్టారు గారిని చూసి మా నాన్న ఇంజెక్షన్లు వద్దంటున్నారు. ఇది ఇంకొకరు. దీనికి నేను చేతులు జోడించే బొమ్మ పెట్టాను, చూడండి." ఫోను ఆయన వైపు తిప్పింది. "వీళ్ళకు నేనేం చెప్పాలి?"

"నువ్వు చెప్పొద్దు. మళ్ళీ తియ్యి. నేను చెప్తాను."

"జనం నవ్వుతారు మావయ్యా."

"మూల కోసుకుని పరుగెత్తినవాణ్ణి మళ్ళీ మొదటినుంచి పరుగెత్తించేవాణ్ణి. క్లాసంతా చూస్తుండగా. నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చేవాణ్ణి."

ఆమె లేచి చేతులు కడుక్కుంది.

ఈసారి ఆయన తెల్ల బనీను వేసుకోలేదు. నొప్పిమాత్ర వేసుకోలేదు. మెట్ల ముందు నిలబడి, ఫోనుకేసి చూస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పారు. మా అక్కయ్య నా మాట విని పడిందన్నారు. మందులు, ఆపరేషన్లు నన్ను చూసి మానుకున్నవాళ్ళు మళ్ళీ మీ డాక్టరు దగ్గరికి వెళ్ళండన్నారు. తరవాత రెయిలింగు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. ఒక మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి, ఆగి, ఇంకో మెట్టు. సగంలో కూర్చుండిపోయారు. కోడలు ఫోను ఆపబోయింది.

"ఆపొద్దు," అన్నారాయన.

మానిటరు ఆయన్ను దాటుకుని పైకెళ్ళి, డాబా మీద నిలబడి, కిందికి చూసింది. అదీ వీడియోలో పడింది.

మధ్యాహ్నానికి కోడలు పాత వీడియో తీసేసి ఇది పెట్టింది. ఇంజెక్షన్లు మానేసిన తండ్రి సంగతి రాసిన మనిషికి విడిగా ఫోను చేసి మాట్లాడింది. సీసాలు వద్దన్నవాళ్ళవి వెనక్కి తీసుకుంది. చాలామందే వద్దన్నారు. కొందరు పాత విద్యార్థులు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఒకడు, "సార్, మీరు నన్ను మూడుసార్లు పరుగెత్తించారు" అని రాశాడు. అక్కయ్య ఆ మాట రెండుసార్లు చదివించుకుంది. మాస్టారు గదిలోంచి లేచి వెళ్ళారు.

రెండో బేకరీ పెంకులు ఆ వారంనుంచి కోడలు తెచ్చుకోలేదు. రాత్రి డ్యూటీకి చేరింది. పగలు పెరటి గది కొద్దిసేపే తెరిచేది. కుక్కల డబ్బా సంగతి పశువుల డాక్టరును అడిగితే, ఒక్క మానిటరును చూసి తాను ఏమీ చెప్పనని, మరికొన్ని కుక్కలకు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా చూద్దామని అన్నాడు. ఆమె సరేనంది. మావగారితో ఆమె మాట్లాడుతూనే ఉంది, కాఫీ ఇస్తూనే ఉంది. మోకాళ్ళెలా ఉన్నాయని మాత్రం అడగలేదు.

యూనిఫారాల గుడ్డ వేరే దర్జీకి వెళ్ళిపోయింది. తాన్లను అక్కయ్య ఇంటినుంచి కిందికి దింపింది మాస్టారి కొడుకు. మాస్టారు కింద నిలబడి ఒక్కొక్కటే అందుకుని ఆటోలో పెట్టారు.

పట్టీ విప్పే రోజున అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ మణికట్టు తిప్పి చూసి, పిడికిలి బిగించమంది. అక్కయ్య బిగించింది. పూర్తిగా మూతపడలేదు. మోకాలికి కొత్త తేదీ ఇచ్చారు. అక్కయ్య ఆ తేదీ తమ్ముడి చేత ఫోనులో పెట్టించుకుంది.

"మీ రెండో వీడియో కూడా చూశానండీ," అంది డాక్టరమ్మ మాస్టారితో.

అక్కయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూసింది.

మాస్టారు చెప్పులు విప్పి, బల్ల మీద పడుకుని, ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచారు.